పశువుల కోసం వేసిన దారి: గిబ్ రివర్ రోడ్డు ప్రయాణంలో ఏది ఎందుకు పాడవుతుంది

ఆస్ట్రేలియా వాయవ్య మూలన, కింబర్లీ ప్రాంతంలో, డర్బీ పట్నం పొలిమేర నుంచి బయల్దేరి తూర్పున కునునుర్రా, వింధామ్ ఊళ్ల మధ్య హైవేలో కలిసే రోడ్డు పేరు గిబ్ రివర్ రోడ్డు. పొడవు సుమారు 660 కిలోమీటర్లు. ఇప్పుడు రెండు చివర్లా కొంత తారు పడింది గానీ నడుమ ఎక్కువ భాగం కంకర, ఎర్రమట్టి, రాళ్లు. లోయలూ జలపాతాలూ చూడటానికి ఏటా వేల వాహనాలు వస్తాయి. అయితే ఈ రోడ్డు యాత్రికుల కోసం పుట్టలేదు. పశువుల్ని ఓడరేవులకు చేర్చడం కోసం 1960లలో వేసిన దారి ఇది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే దారిలో ఎదురయ్యే దాదాపు ప్రతి ఇబ్బందికీ కారణం తెలుస్తుంది. మరిచిపోతే స్టెప్నీలు రెండున్నా చాలవు.

ఆస్ట్రేలియాలో ‘స్టేషన్’ అంటే రైలు ఆగే చోటు కాదు, పశువుల్ని మేపే మహా క్షేత్రం. కింబర్లీలో పది లక్షల ఎకరాలకు అటూఇటూగా ఉండే స్టేషన్లు అరుదు కావు. 1880ల్లో డ్యూరాక్ కుటుంబం క్వీన్స్‌లాండ్ నుంచి వేల పశువుల్ని తోలుకుంటూ, రెండేళ్లకు పైగా నడిచి ఇక్కడికి చేరింది. దారిలో దాటే ఒక నదికి ఆ కుటుంబం పేరే ఉంది. అప్పటికే ఈ నేల బునుబా, న్గారిన్యిన్ వంటి ఆదివాసీ జాతులది. తర్వాత అదే జాతుల మనుషులు గుర్రాలెక్కి మందల్ని కాశారు, స్టేషన్లను నిలబెట్టారు. 1960ల చివరిదాకా వాళ్లకు సమాన వేతనం దక్కలేదు. ఇవాళ ఈ దారి పక్కన కొన్ని స్టేషన్లు ఆదివాసీ సంఘాల చేతిలోనే నడుస్తున్నాయి.

పశువుల పెంపకం మొదలయ్యాక అసలు చిక్కు రవాణాతో వచ్చింది. వింధామ్‌లో మాంసం కర్మాగారం 1919లో తెరిచారు. అక్కడిదాకా వారాల తరబడి నడిచిన ఎద్దు దారిలోనే చిక్కిపోయేది. 1949 నుంచి 1965 దాకా గ్లెన్‌రాయ్ స్టేషన్‌లోనే పశువుల్ని కోసి, మాంసాన్ని విమానాల్లో తీరానికి పంపారంటే రోడ్డు లేని కష్టం ఎంతటిదో అర్థమవుతుంది. లారీలు తిరిగే దారి పడ్డాక విమానాలతో పని లేకపోయింది. వింధామ్ కర్మాగారం 1985లో మూతపడింది. పశువుల లారీలు మాత్రం ఆగలేదు.

తెలుగువాళ్లకు ఈ మందల్లో ఒక దగ్గరితనం కనిపిస్తుంది. మూపురం, వేలాడే గంగడోలు, బూడిద తెలుపు ఒళ్లు. ఇవి బ్రాహ్మణ్ జాతి పశువులు. అమెరికాలో ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ రక్తాలు కలిపి తీర్చిన జాతి ఇది. ఒంగోలు పశువును అక్కడ ‘నెల్లూరు’ అని పిలిచేవారు. అమెరికా నుంచి బ్రాహ్మణ్ పశువులు 1933లో క్వీన్స్‌లాండ్‌కు దిగాయి. ఉత్తరాన మొదట పెంచిన షార్ట్‌హార్న్ పశువులు ఎండకూ పిడుదులకూ తట్టుకోలేకపోయేవి. ఈ జాతి తట్టుకుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరాది మందల రూపమే మారిపోయింది. గిబ్ రివర్ రోడ్డుకు అడ్డంగా నిలబడి నెమరువేసే ఆవులో ప్రకాశం జిల్లా రక్తం కొంతైనా ఉంటుంది.

ఎప్పుడు బయల్దేరాలి

ఇక్కడ కాలాలు రెండే, వానాకాలం, ఎండు కాలం. సుమారుగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానులు, కుండపోతలు. వాగులు పొంగుతాయి, రోడ్డు మూసేస్తారు. వానలు వెనక్కు తగ్గాక గ్రేడర్లు (రోడ్డు చదును చేసే యంత్రాలు) దిగి, కోసుకుపోయిన చోట్లు పూడ్చి, దారి సరిచేశాకే తెరుస్తారు. మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. సీజన్ మొదట్లో జలపాతాలు నిండుగా ఉంటాయి, రోడ్డూ కొత్తగా చదును చేసి ఉంటుంది, కానీ వాగుల్లో లోతు ఎక్కువ. ఆగస్టుకు లోతు తగ్గుతుంది, గతుకులు ముదురుతాయి. అక్టోబరు వచ్చేసరికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కొన్ని మజిలీలు మూతపడతాయి.

మూసిన రోడ్డు మీద బండి నడిపితే భారీ జరిమానా పడుతుంది. నాలుగు తడి రోజుల్లో ఓ బరువు బండి చేసిన చక్రాల గాడులు ఎండి సిమెంటులా గట్టిపడతాయి. తర్వాత నెలల తరబడి పశువుల లారీలూ, అంబులెన్సులూ, స్టేషన్లకు సరుకు తెచ్చే బళ్లూ ఆ గాడుల్లోనే పడి పోవాలి. అందుకే ‘మూసివేత’ బోర్డు దగ్గర బండి ఆపడం తోటి బాటసారుల పట్ల మర్యాద కూడా. బయల్దేరే రోజు పొద్దున రాష్ట్ర రహదారుల శాఖ వెబ్‌సైటులో దారి స్థితి చూసుకోవాలి. నిన్నటి సమాచారం ఇవాళ చెల్లదు.

టైరు సంగతి

ఈ దారిలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది టైరు. రాయి గుచ్చుకోవడం ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి, బరువు, వేగం మూడూ కలిసి పుట్టించే వేడి టైరును బలహీనపరుస్తుంది. రాయి ఆఖరి దెబ్బ మాత్రమే కొడుతుంది.

తారు రోడ్డు మీద నిండు బరువుతో ఉన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి సుమారు 38 నుంచి 42 పీఎస్ఐ గాలి ఉంటుంది. అంతే గాలితో కంకర మీదికి దిగితే టైరు రాయిలా గట్టిగా ఉండి, పదునైన రాయి తగిలినప్పుడు లొంగదు, తెగుతుంది. 26 నుంచి 30కి తగ్గిస్తే రాయి చుట్టూ మెత్తగా వంగుతుంది, గతుకుల కుదుపూ తగ్గుతుంది. అయితే గాలి తగ్గిన టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా మడతపడి వేడెక్కుతుంది కాబట్టి వేగమూ తగ్గాలి. 80 కిలోమీటర్లు పైహద్దు, చెడ్డ చోట 60 లేదా 40. గాలి తగ్గించి 100 మీద పోతే లోపలి పొరలు విడిపోయి టైరు పీలికలవుతుంది.

ఎంత గాలి సరైనదో టైరే చెబుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచి రాసుకోవాలి. అరగంట, ముప్పావు గంట నడిపాక మళ్లీ కొలవాలి. నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ పెరిగితే సరిపోయినట్టే. ఎనిమిది, పది పెరిగిందంటే గాలి మరీ తగ్గించారు, లేదా వేగం ఎక్కువ, లేదా బరువు ఎక్కువ. రెండే పెరిగితే ఇంకాస్త గాలి వదలొచ్చు. ఈ కొలత తెలియకుండా ‘ఎవరో 28 అన్నారు’ అని 28 పెట్టుకుంటే లాభం లేదు. ఎవరి బండి బరువు వారిది.

టైరు రకం కూడా ముఖ్యం. షోరూంలో వచ్చే ప్యాసింజర్ టైరు పక్కగోడ పలచన. లైట్ ట్రక్ రకం టైర్లు దిట్టంగా ఉంటాయి. స్టెప్నీలు రెండుండాలి, రెండూ నాలుగు చక్రాల సైజువే కావాలి. టైరు లోపలి గాలిని డ్రైవరు ముందే చూపించే సెన్సార్లు బిగించుకోవడం మంచి ఖర్చు. కంకర మీద కారుతున్న టైరు తెలియదు. తెలిసేసరికి రిమ్ము కింద పక్కగోడ నలిగి నల్లటి పొడి రాలుతూ, కాలిన రబ్బరు వాసన కొడుతుంది. అప్పుడిక పంక్చర్ వేసినా లాభముండదు. సెన్సారు మోగగానే ఆగితే అదే టైరుకు రబ్బరు తాడు ప్లగ్గు గుచ్చి, కంప్రెసరుతో గాలి కొట్టి, పది నిమిషాల్లో కదలొచ్చు.

చక్రం మార్చాల్సి వస్తే మట్టి మీద జాకీ దిగబడటం తొలి సమస్య. అడుగు చదరం మందపాటి ప్లైవుడ్ ముక్క వెంట ఉండాలి. చదును చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు సగం తిప్పు వదులు చేసుకోవాలి. గాల్లో వేలాడే చక్రానికి పానా వేసి తన్నితే బండి జాకీ మీంచి జారుతుంది. జాకీని ఇరుసు కింద పెట్టి, ఎత్తగానే స్టెప్నీని ఛాసిస్ కిందకు తోయాలి. జాకీ ఒరిగినా బండి మనిషి మీద పడకుండా ఆ చక్రం ఆపుతుంది. పాడైన చక్రం విప్పి దాన్ని కిందకు తోసి, స్టెప్నీని బిగించాలి. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. 50 కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్లీ బిగించాలి. ఈ చివరి మెట్టు మరిచినందుకే చక్రం ఊడి బండిని దాటి ముందుకు దొర్లిపోతుంది.

రేకు మీద నడిచినట్టు

కంకర రోడ్డు మీద అడ్డంగా, రేకుల పైకప్పులా వచ్చే అలల గతుకుల్ని కారుగేషన్ అంటారు. ఇవి ఎందుకు వస్తాయో 1960ల్లో మెల్‌బోర్న్‌లో కీత్ మేథర్ అనే శాస్త్రవేత్త, గుండ్రటి ఇసుక బాట మీద చిన్న చక్రాన్ని తిప్పి చూపించాడు. వదులు నేల మీద ఒక స్థాయికి మించిన వేగంతో పోయే ఏ చక్రమైనా చిన్న ఎగుడు తగలగానే గాల్లోకి లేస్తుంది, దిగినచోట నేలను తవ్వుతుంది, తవ్విన మట్టి ముందు మరో ఎగుడవుతుంది. వేల చక్రాలు అదే చోట లేచి అదే చోట దిగుతాయి. గ్రేడరు చదును చేసి వెళ్లాక రద్దీని బట్టి కొద్ది వారాల్లోనే అలలు మళ్లీ తేలతాయి.

70, 80 వేగంలో చక్రాలు అలల శిఖరాల మీద తేలిపోతాయి, కుదుపు తగ్గినట్టుంటుంది. ఈ సుఖంలోనే ప్రమాదముంది. తేలే చక్రానికి నేల పట్టు తక్కువ, బ్రేకు వేసినా స్టీరింగ్ తిప్పినా మాట వినదు. మలుపులో ఆ వేగంతో పోతే బండి వెనక భాగం పక్కకు జారుతుంది. జారగానే డ్రైవరు గాబరాగా ఎదురు తిప్పుతాడు, చక్రం రోడ్డు అంచున ఉన్న మట్టికట్టను తన్నుకుంటుంది, బండి పల్టీ కొడుతుంది. కంకర రోడ్ల మీద ఒంటరి బండి బోల్తా పడటం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. జారినప్పుడు చేయాల్సింది కాలు యాక్సిలరేటరు మీంచి తీయడం, బ్రేకు తొక్కకుండా పోవాల్సిన దిక్కుకు స్టీరింగ్ మెల్లగా పట్టుకోవడం.

గంటల తరబడి ఆ కుదుపుకు షాక్ అబ్జార్బర్లలో నూనె కాగి, నురగ పట్టి, పనిచేయడం మానేస్తుంది. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఓ అరగంట ఆగాల్సిందే. వరసగా విరిగేవి ఇవి: బ్యాటరీ కింది తట్ట, పైకప్పు ర్యాకు బోల్టులు, ట్రెయిలరు కమాన్ కట్టలూ వాటిని పట్టే కొక్కేలూ. ట్రెయిలరు లాగే బళ్లకు ఇంకో సంగతి ఉంది. వెనక చక్రాలు విసిరిన రాయి ట్రెయిలరు ముఖానికి తగిలి వెనక్కు ఎగిరి, కారు వెనక అద్దాన్నే పగలగొడుతుంది. దారి పొడవునా అట్టముక్కలూ టేపులతో అతికిన వెనక అద్దాలు కనిపించేది ఇందుకే. ట్రెయిలరు ముందు ఏటవాలుగా గట్టి వల కడితే రాయి కిందకు పోతుంది.

సామాను సర్దడంలోనూ ఇదే సూత్రం. కూల్‌డ్రింకు డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని రెండు రోజుల్లో చిల్లులు పడతాయి. నీళ్ల క్యాను మూలన బోల్టు తగులుతుంటే సాయంత్రానికి క్యాను ఖాళీ. ఆవకాయ సీసా తీసుకెళ్లేవాళ్లు ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, తువ్వాలు చుట్టి, కదలకుండా ఇరికించాలి. కదిలేదేదైనా అరుగుతుంది, అరిగేదేదైనా కారుతుంది.

దుమ్ముది మరో తీరు. కొన్ని చోట్ల పిండిలా మెత్తటి దుబ్బ గుంటల్ని నింపి, పైకి చదునుగా కనిపిస్తుంది. దీన్ని బుల్‌డస్ట్ అంటారు. కింద అడుగు లోతు గొయ్యి ఉండొచ్చు. రంగు మారి, చక్రాల జాడ చెరిగినట్టున్న చోట వేగం తగ్గించాలి. బండిలోకి దుమ్ము రాకూడదంటే అద్దాలెక్కించి, ఏసీని బయటి గాలి మీద పెట్టి, ఫ్యాను పెంచాలి. లోపలి గాలి ఒత్తిడి దుమ్మును ఆపుతుంది. అయితే ఎదుటి బండి దుమ్ములో ఉన్నంతసేపు మాత్రం లోపలి గాలే తిరగనివ్వాలి. ఇంజను ఎయిర్ ఫిల్టరు రోజూ సాయంత్రం విప్పి దులపాలి.

డీజిల్, నీళ్లు

డర్బీ నుంచి సుమారు 300 కిలోమీటర్ల దగ్గర మౌంట్ బార్నెట్ రోడ్‌హౌస్ ఉంది. అక్కడ ఇంధనం దొరుకుతుంది. అక్కడి నుంచి కునునుర్రాకు మరో 400. తూర్పు కొసన ఎల్ క్వెస్ట్రో అనే మజిలీలో దొరకొచ్చు గానీ దాన్నే నమ్ముకుని లెక్క వేయకూడదు. తారు మీద వంద కిలోమీటర్లకు 11 లీటర్లు తాగే బండి ఇక్కడ బరువుతో 14, 15 తాగుతుంది. ట్రెయిలరు ఉంటే 18 నుంచి 20. నాలుగు వందల దారికి, లోయల పక్కదారులు మరో 120 కలిపితే 520 కిలోమీటర్లు. 15 చొప్పున 78 లీటర్లు. దారి మూసి వెనక్కు రావాల్సి వస్తుందేమోనని పావు వంతు కలిపితే సుమారు 98. ట్యాంకు 90 అయితే ఒక 20 లీటర్ల క్యాను తప్పనిసరి. గిబ్ రోడ్డు నుంచి ఉత్తరానికి చీలే కలుంబురు దారిలో మిచెల్ జలపాతం దాకా పోవాలంటే గిబ్ రోడ్డు మలుపు నుంచి రానూపోనూ 500 కిలోమీటర్లకు దగ్గర పడుతుంది. ఆ లెక్క వేరే. నడుమ డ్రైస్‌డేల్ రివర్ స్టేషన్‌లో ఇంధనం ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

తాగే నీళ్లు మనిషికి రోజుకు ఐదు నుంచి ఏడు లీటర్లు, అదనంగా మూడు రోజులకు సరిపడా. ఒకే పెద్ద పీపాలో కాకుండా మూడు, నాలుగు క్యాన్లలో. ఒకటి చిట్లినా మిగతావి ఉంటాయి.

ఎదురొచ్చే లారీ, అడ్డొచ్చే ఆవు

ఉత్తర ఆస్ట్రేలియాలో రోడ్ ట్రైన్, అంటే ట్రెయిలర్ల వరసను లాగే లారీ, 53.5 మీటర్ల దాకా ఉండొచ్చు. నాలుగు ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత. మూడు ట్రెయిలర్లు, ఒక్కోదానికి రెండంతస్తులు. నిండు బరువు వంద టన్నులు దాటుతుంది. పశువులతో ఉన్న లారీ చప్పున బ్రేకు వేయదు, వేయకూడదు కూడా. వేస్తే లోపల నిలబడ్డ పశువులు ఒకదానిమీద ఒకటి పడి కాళ్లు విరుగుతాయి, కింద పడ్డది తొక్కిడికి చస్తుంది. కాబట్టి తప్పుకోవాల్సింది చిన్న బండే. ఎదురుగా దుమ్ము మేఘం కనిపించగానే వేగం తగ్గించి, ఎడమ అంచుకు పూర్తిగా దిగి, ఆగి, హెడ్‌లైట్లు వేసి ఉండాలి. లారీ పోయాక దుమ్ము తేరుకునేదాకా కదలకూడదు. దాని వెనక ఇంకొకటి రావచ్చు. ముందు పోతున్న లారీని దాటాల్సి వస్తే యూహెచ్ఎఫ్ రేడియో (బండ్ల మధ్య మాట్లాడుకునే రేడియో) 40వ ఛానెల్‌లో డ్రైవరును పలకరించాలి. దారి ఖాళీ ఉందో లేదో ముందున్న అతనికే తెలుస్తుంది. అతను సరేనన్నా, ముందు ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల దారి తేటగా కనిపిస్తేనే దాటాలి. లేకుంటే ఆగి టీ తాగడం మేలు.

రోడ్డుకు చాలాచోట్ల కంచె ఉండదు. ఎండ తగ్గాక పశువులు నీటి తొట్ల నుంచి మేతకు కదులుతాయి. రాత్రి కంకర మీద మిగిలిన వెచ్చదనానికి వచ్చి పడుకునేవీ ఉంటాయి. బూడిద రంగు ఆవు లైటు వెలుగులో కాస్తయినా కనిపిస్తుంది. ఎర్రది ఎర్రమట్టిలో కలిసిపోతుంది. పొద్దుగూకేలోపు మజిలీ చేరడం ఇక్కడ స్థిరమైన నియమం. పగలు అడ్డొచ్చినప్పుడు మన పల్లె పద్ధతే పనికొస్తుంది. హారను కొట్టి బెదరగొట్టకుండా, నడకవేగానికి తగ్గి, పశువు తల ఎటుందో చూసి, వెనకవైపు నుంచి పోవాలి. ఆవు దాటిందంటే వెనక దూడ ఉంటుందనే లెక్కతో ఆగాలి.

వాగులు

చాలా వాగులు ఎండు కాలంలో పిక్కల లోతే. అసలు పరీక్ష తూర్పు కొసన పెంటెకోస్ట్ నది. వెడల్పెక్కువ, అడుగున గుండ్రటి రాళ్లు. ఇతర వాగుల్లో దిగి నడిచి లోతు చూడటం సరైన పద్ధతి. ఇక్కడ మాత్రం నీళ్లలో కాలు పెట్టకూడదు, ఉప్పునీటి మొసళ్లుంటాయి. ఒడ్డునే ఆగి లోతు గుర్తు చూసి, మరో బండి ఎలా దాటుతుందో, ఎక్కడ ఒరుగుతుందో గమనించాలి.

నీళ్లలో దిగే ముందు పది నిమిషాలు ఆగడం ఊరికే కాదు. గంటల తరబడి నడిచిన ఇరుసులో గాలి వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో మునగగానే ఆ గాలి కుంచించుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. తర్వాత గేరు నూనె పాలరంగుకు తిరిగితే నీళ్లు కలిసినట్టే, వెంటనే మార్చాలి. లో రేంజ్ (ఫోర్‌వీల్ డ్రైవ్‌లో తక్కువ వేగం, ఎక్కువ లాగుడు ఇచ్చే గేర్ల వరస), రెండో గేరు, నిలకడైన మెల్లటి వేగం. నడుమ గేరు మార్చకూడదు, ఆగకూడదు. బండి ముందు నీటి అల ఒకటి ఏర్పడి దానితోపాటే కదలాలి. అల బానెట్ మీదికి ఎక్కుతోందంటే వేగం ఎక్కువ. ఒడ్డెక్కాక బ్రేకు రెండుమూడుసార్లు మెత్తగా తొక్కి ఆరబెట్టాలి. ప్రవాహం ఉధృతంగా ఉంటే, నీరు మురికిగా పెరుగుతుంటే దాటే ఆలోచనే వద్దు. రాత్రికి ఇటువైపే విడిది.

గేట్లు, తొట్లు

గేటు మూసి ఉంటే దాటాక మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. తెరిచిన గేటు చూసి ఎవరో మరిచారనుకుని మూసేవాళ్లున్నారు. అవతలి మందకు నీటితొట్టి ఇవతల ఉండొచ్చు. రెండు రోజులు దారి మూసుకుంటే దాహంతో పశువులు చస్తాయి. మూసిన గేటు తెరిచి వదిలితే పాలు మాన్పించిన దూడలు తల్లుల్లో కలుస్తాయి, హెలికాప్టర్లతో వారాలపాటు చేసిన మంద కూడిక మళ్లీ మొదటికొస్తుంది. తొట్టి పక్కన గుడారం వేస్తే మనుషుల అలికిడికి పశువులు నీళ్లకు రావు. కనీసం అర కిలోమీటరు దూరం ఉండాలి. తొట్టిలో సబ్బు, స్నానం అసలే పనికిరాదు.

ఇండియా నుంచి నేరుగా వచ్చే అమ్మానాన్నలతో ఈ దారి పట్టేవాళ్లు గమనించాల్సింది గాలికుంటు వ్యాధి. మన పల్లెల్లో అది మామూలు మాట. ఆస్ట్రేలియాలో 1872 తర్వాత లేదు. గొడ్ల చావిడిలో తిరిగిన చెప్పుల మట్టితో కూడా వైరస్ ప్రయాణిస్తుంది. ఊళ్లో పాడి ఉన్నవాళ్లు చెప్పులు, బూట్లు కడిగి తెచ్చుకుని, విమానాశ్రయంలో ఇచ్చే కార్డు మీద ఉన్నదున్నట్టు రాయాలి. రాస్తే అధికారులు చూసి పంపుతారు. దాస్తే జరిమానా, పైగా ఇన్ని లక్షల పశువుల మీద ముప్పు.

బండి ఆగిపోతే

దారిలో ఎక్కువ భాగం ఫోను సిగ్నల్ ఉండదు. యూహెచ్ఎఫ్ రేడియో కొన్ని కిలోమీటర్లే పోతుంది. అందులో 5వ ఛానెల్ అత్యవసరానికి. శాటిలైట్ ఫోను లేదా 406 మెగాహెర్ట్జ్ బీకన్ (ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరం) వెంట ఉండాలి. బీకన్‌ను ముందే ఉచితంగా నమోదు చేసుకోవాలి. అది ప్రాణాపాయానికే, పంక్చరుకు కాదు. యాంటెనా పైకి లాగి, ఆకాశం తేటగా కనిపించే చోట పెట్టి, మీట నొక్కి కదల్చకుండా వదలాలి. పెద్ద స్టేషన్లకు రన్‌వేలుంటాయి, మారుమూలలకు విమానంలో వైద్యం అందించే ఫ్లయింగ్ డాక్టర్ సంస్థ విమానం దిగుతుంది. చాలా స్టేషన్లలో ఆ సంస్థ ఇచ్చిన మందుల పెట్టె ఉంటుంది. అందులో ప్రతి మందుకూ ఒక అంకె. డాక్టరు ఫోనులో అంకె చెబితే ఇవతలివాళ్లు ఆ మందు తీసి ఇస్తారు.

అన్నిటికంటే ముఖ్యం బండిని వదిలి నడవకపోవడం. 1963 డిసెంబరులో దక్షిణాన బర్డ్స్‌విల్ దారిలో ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం చిక్కుకుపోయింది. సాయం వెతుక్కుంటూ కారు వదిలి నడిచారు. ఐదుగురూ దాహంతో చనిపోయారు. వెతికేవాళ్లకు విమానంలోంచి ముందు కనిపించేది బండే, మనిషి కాదు. నీడ కోసం టార్పాలిన్ కట్టి, బానెట్ ఎత్తి, పగలు కదలకుండా ఉండాలి.

ఎండు గడ్డి మీద బండి ఆపడంలోనూ ప్రమాదముంది. కొత్త డీజిల్ బళ్లలో పొగ వడపోత తనంతట తాను మసిని కాల్చుకునేటప్పుడు సైలెన్సరు విపరీతంగా వేడెక్కుతుంది. కింద చిక్కుకున్న స్పినిఫెక్స్ గడ్డి అంటుకుంటే బండి నిమిషాల్లో కాలిపోతుంది. గడ్డిలోంచి నడిచిన రోజు ఆగిన ప్రతిచోటా కిందికి వంగి చూసి, గడ్డి పీకేయాలి.

అద్దె బండి తీసుకునేవాళ్లు ఒప్పందంలో మూడు వాక్యాలు వెతకాలి: మట్టిరోడ్లకు అనుమతి, నీటిలో జరిగే నష్టం ఎవరిది, రాత్రి డ్రైవింగుకు నిషేధం ఉందా. మామూలు కార్లకు మట్టిరోడ్డు మీద బీమా చెల్లకపోవడమే సాధారణం. ఫోర్‌వీల్ డ్రైవ్ ఇచ్చినా గిబ్ రివర్ రోడ్డు పేరుతో సహా అనుమతి రాసి ఉందో లేదో చూడాలి. నోటిమాట చాలదు.

తూర్పు కొసన తారు తగలగానే హాయిగా కాలు నొక్కాలనిపిస్తుంది. టైర్లలో 28 పీఎస్ఐ ఉన్న సంగతి అప్పుడే మరుపుకొస్తుంది. అదే గాలితో హైవే మీద 110 వేగంలో పోతే, 600 కిలోమీటర్ల రాళ్లను తట్టుకున్న టైరు కునునుర్రా చేరకముందే పగులుతుంది. మలుపు దగ్గరే ఆగి, కంప్రెసరు తగిలించి నాలుగింటికీ తిరిగి 40 దాకా కొట్టాలి. ఒక్కో టైరుకు నాలుగైదు నిమిషాలు. ఆ వ్యవధిలో చక్రాల నట్లు ఇంకోసారి బిగించి, ఊళ్లోకి వెళ్లాక మొదట కింది భాగం నీళ్లతో కడగాలి. ఒక స్టేషన్ మట్టిలోని కలుపు విత్తనాలు ఇంకో స్టేషన్‌లో రాలకూడదు.